నింగిలో కట్టు తెగిన పడవలు

2024 సెప్టెంబరు తొలి దినాల్లో కృష్ణానది విజయవాడ వద్ద కనీవినీ ఎరుగని రీతిలో పొంగింది. ప్రకాశం బ్యారేజి గుండా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు సముద్రం వైపు పరుగెత్తింది. ఆ సంకట సమయంలోనే కొన్ని భారీ పడవలు కట్టు తెంచుకొని ప్రవాహంలో కొట్టుకొని వచ్చి బ్యారేజి గేట్లను ఢీకొన్నాయి. గేట్లను ఎత్తి దించడానికి ఆధారమైన కౌంటర్ వెయిట్ దిమ్మెలు దెబ్బతిన్నాయి. గేట్లకు అడ్డంపడి మునిగిన ఆ పడవలను తొలగించడానికి ఇంజనీర్లు, గజ ఈతగాళ్లు ఎన్నో రోజులు శ్రమించవలసి వచ్చింది. కట్టుకొయ్యకు కట్టి ఉన్నంతవరకు పడవ ఒక జీవనాధారం. కట్టు తెగిన క్షణం నుంచి అది ఎవరి ఆజ్ఞకూ లోబడని బరువు మాత్రమే. పడవకు గేటు మీద పగ లేదు, నదికి పడవ మీద కోపం లేదు. అయినా లక్షల ఎకరాలకు నీరందించే కట్టడానికి అది ముప్పు తెచ్చిపెట్టింది.

ఇట్టి పడవలు నింగిలోనూ ఉన్నాయి. నదిలోని పడవ కంటికి కనిపిస్తుంది. నింగిలోని పడవలలో అధికభాగం ఎవరి కంటికీ కనిపించవు. మానవుడు వాటిని అక్కడికి పంపాడు, వాడుకొన్నాడు, విడిచిపెట్టాడు, ఆపైన మరచిపోయాడు. మరచినంత మాత్రాన అవి లేకుండా పోలేదు. వాటిని వెదకి, లెక్కించి, వాటి దారులను గుర్తించే పని ఖగోళ శాస్త్రజ్ఞుల కుతూహలానికి మాత్రమే సంబంధించినదని చాలమంది తలుస్తారు. అది పొరపాటు. ఆ పని కృష్ణాడెల్టాలోని రైతుకూ, బందరు తీరంలోని మత్స్యకారునికీ కూడ సంబంధించినదే.

చరిత్రలో ఒక విచిత్రమైన పొందిక కనిపిస్తుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజి 1957లో వెలసింది. అదే సంవత్సరం అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహమైన స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. ఒకటి నదికి పగ్గం వేసిన సంవత్సరం, మరొకటి నింగికి దారి తెరచిన సంవత్సరం. నది విషయంలో డెల్టావాసులు ఒక సత్యాన్ని తరతరాలుగా నేర్చుకొన్నారు. కాలువ తవ్వడం ఒక ఎత్తు, దానిలో పూడిక తీస్తూ, గుర్రపుడెక్క తొలగిస్తూ, గట్లు కాపాడుకొంటూ ఉండడం మరొక ఎత్తు. నింగి విషయంలో మానవజాతి మొదటి పని చేసింది. రెండవ పనిని చాలకాలం పట్టించుకోలేదు.

ఉపగ్రహానికీ డెల్టాకూ గల బంధం తెలియాలంటే 1977 నవంబరు 19వ తేదీని స్మరించుకోవాలి. ఆనాడు దివిసీమపై విరుచుకుపడిన తుఫానులో సముద్రం దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఊళ్లమీదికి వచ్చింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పశుసంపద, పంటపొలాలు, గుడిసెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆనాటికి భారతదేశానికి నింగి నుంచి బంగాళాఖాతాన్ని ఎడతెగక కనిపెట్టి ఉండే సొంత ఉపగ్రహం లేదు. ముప్పు ఎంతటిదో తీరవాసుల్లో చాలమందికి తెలియనే లేదు. 1983లో ఇన్‌శాట్-1బి పనిచేయడం మొదలుపెట్టిన తరువాత పరిస్థితి క్రమంగా మారింది. కల్పన-1, ఇన్‌శాట్-3డి, ఇన్‌శాట్-3డిఆర్ ఒకదాని వెనుక ఒకటి ఆ పనిని అందిపుచ్చుకొన్నాయి. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఇన్‌శాట్-3డిఎస్ ఆ వరుసలో చేరింది.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మోంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. దాని రాకను వాతావరణశాఖ కొన్ని రోజుల ముందే ప్రకటించింది. తీరగ్రామాల ప్రజలను పునరావాస కేంద్రాలకు తరలించారు. పంటలకు నష్టం వాటిల్లింది గాని, ప్రాణనష్టం 1977 నాటి దానితో పోల్చదగినది కాదు. ఈ మార్పునకు కారణం ఒక్క ఉపగ్రహమే కాదు. తీరంలోని రాడార్లు, తుఫాను రక్షణ భవనాలు, రహదారులు, టెలిఫోన్లు, అధికారుల అప్రమత్తత అన్నీ కలసి ఆ ఫలితాన్ని ఇచ్చాయి. అయినా నడిసముద్రంలో సుడి పుట్టిన గడియ నుంచి దానిని వదలక చూచే కన్ను పైన ఉన్నది కాబట్టే తక్కిన యంత్రాంగమంతా సకాలంలో కదలగలిగింది.

ఆ కన్ను ఉన్న చోటు సామాన్యమైనది కాదు. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టిరావడానికి పట్టే కాలం, భూమి తనచుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలం ఒక్కటే. అందుచేత నేలమీది నుంచి చూచేవారికి అది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు కనిపిస్తుంది. దీనినే భూస్థిర కక్ష్య అంటారు. దీని ప్రయోజనాన్ని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే వివరించాడు. ఈ కక్ష్య ఒక్కటే. దాని చుట్టుకొలత రెండు లక్షల అరవైఐదు వేల కిలోమీటర్లు. ప్రపంచదేశాల వాతావరణ ఉపగ్రహాలు, టెలివిజన్ ప్రసార ఉపగ్రహాలు, సమాచార ఉపగ్రహాలు ఐదు వందలకు పైగా ఆ ఒక్క వలయంలోనే చోటు చేసుకొన్నాయి. దేశాలు పంచుకొని వాడుకొంటున్న పరిమితమైన ప్రకృతి సంపద అది. ఊరుమ్మడి చెరువు వంటిది.

చెరువులో చెత్త చేరితే ఎండాకాలంలోనైనా తీయవచ్చు. భూస్థిర కక్ష్యలో చేరిన చెత్తకు ఆ సౌకర్యం లేదు. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వస్తువులను అక్కడి పలుచని గాలి క్రమంగా నెమ్మదింపజేస్తుంది. ఏళ్లకో దశాబ్దాలకో అవి కిందికి దిగి, దట్టమైన వాతావరణంలో కాలిపోతాయి. 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఆ గాలి కూడ లేదు. అక్కడ విడిచిన వస్తువు వేల సంవత్సరాలు అక్కడే ఉంటుంది. ఈ తరం పారవేసిన వస్తువును ఎన్నో తరాల తరువాతివారు కూడ తప్పించుకొని తిరగవలసి ఉంటుంది.

అవి కదలక పడి ఉంటాయా అంటే అదీ లేదు. ఇంధనం అయిపోయిన ఉపగ్రహాన్ని సూర్యచంద్రుల ఆకర్షణ మెల్లమెల్లగా పక్కకు లాగుతుంది. దాని కక్ష్య భూమధ్యరేఖతో పదిహేను డిగ్రీల వరకు వాలి, తిరిగి యథాస్థితికి వస్తుంది. ఈ ఊగిసలాటకు సుమారు యాభైమూడు సంవత్సరాలు పడుతుంది. అట్లా వాలిన వస్తువు పనిచేసే ఉపగ్రహాలున్న తలాన్ని రోజుకు రెండుసార్లు అడ్డంగా దాటుతుంది. అప్పుడు వాటి మధ్య వేగం సెకనుకు ఎనిమిది వందల మీటర్ల వరకు ఉండవచ్చు. అనగా తుపాకి గుండు వేగం. పిడికిలి ప్రమాణంగల లోహఖండమైనా ఆ వేగంతో తాకితే ఎట్టి ఉపగ్రహానికైనా ప్రాణాంతకమే.

ఇందులో భారతదేశం ప్రత్యేకంగా గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. భూమి నిండు గోళం కాదు. దాని మధ్యరేఖ సైతం నిండు వృత్తం కాదు. ఆ వంకర వల్ల భూస్థిర కక్ష్యలో రెండు పల్లపు స్థానాలు ఏర్పడ్డాయి. ఒకటి 105 డిగ్రీల పడమటి రేఖాంశం వద్ద ఉన్నది. రెండవది 75 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, అనగా భారతదేశానికి నేరుగా దక్షిణాన ఉన్నది. అదుపు తప్పిన వస్తువులలో ఎన్నో ఈ పల్లాల చుట్టూ ఊయలవలె అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. ఏటి మలుపులోని సుడిలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క చేరినట్లు, ఈ పల్లంలో విడిచిన ఉపగ్రహాలు చేరుతున్నాయి. ఇన్‌శాట్-3డిఆర్ స్థానం 74 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాబట్టి ఈ సుడి గట్టున కాపురముంటున్నవారిలో భారతదేశం ముందున్నది.

నింగిలోని నిర్జీవ వస్తువులు ఒక్కొక్కసారి పేలిపోతాయి కూడ. 1978 జూన్‌లో ఎక్రాన్ అనే సోవియట్ ఉపగ్రహం బ్యాటరీ పేలడంతో భూస్థిర కక్ష్యలో ముక్కలైంది. ఆ సంగతి 1992లో గాని ప్రపంచానికి తెలియలేదు. ఇటీవల 2024 అక్టోబరు 19న ఇంటెల్‌శాట్-33ఇ అనే సమాచార ఉపగ్రహం హిందూమహాసముద్రానికి పైన, 60 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద హఠాత్తుగా ఛిన్నాభిన్నమైంది. మొదట ఇరవై వరకు ముక్కలను గుర్తించారు. వెదకినకొద్దీ ఆ లెక్క పెరిగింది. భారతదేశం కూడ ఈ దోషానికి అతీతం కాదు. 2001 అక్టోబరులో ప్రయోగించిన పి.ఎస్.ఎల్.వి-సి3 రాకెట్టు చివరి దశ అదే ఏడు డిసెంబరులో దిగువ కక్ష్యలో పేలి, మూడు వందలకు పైగా శకలాలను మిగిల్చింది. ఆ అనుభవం తరువాత రాకెట్టు చివరి దశలో మిగిలిన ఇంధనాన్ని ఖాళీచేసే పద్ధతి ప్రవేశపెట్టారు. తప్పును గుర్తించి దిద్దుకొనడం గౌరవప్రదమే. అయితే దిద్దుకోవాలంటే ముందు ఆ శకలాలు కంటబడాలి గదా! దిగువ కక్ష్య కాబట్టి అవి రాడార్లకు చిక్కాయి. ఎగువ కక్ష్యలో అట్లా కాదు.

రాడార్ తానే ఒక రేడియో తరంగాన్ని పంపి, వస్తువును తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని పట్టుకొంటుంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడ ఆ తరంగం పలుచబడుతుంది. అందువల్ల దూరం రెండింతలైతే ప్రతిధ్వని పదహారోవంతుకు పడిపోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని వస్తువుతో పోల్చితే, అటువంటి వస్తువే 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే దాని ప్రతిధ్వని దాదాపు పదిహేడు లక్షల రెట్లు బలహీనమవుతుంది. దూరదర్శిని సంగతి వేరు. వస్తువుపై వెలుగు ప్రసరింపజేసే పనిని సూర్యుడే చేస్తాడు. పరావర్తనమైన వెలుగు నేలకు వచ్చేటప్పుడు మాత్రమే పలుచబడుతుంది. పై లెక్క ప్రకారం ఆ తగ్గుదల పదమూడు వందల రెట్లకు మించదు. ఈ కారణం చేతనే ఉన్నత కక్ష్యలలోని శకలాలను వెదకడానికి ప్రపంచమంతటా నేలమీది దూరదర్శినులను ఆశ్రయిస్తున్నారు.

ఆ పని చెప్పినంత సులువు కాదు. 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక కొబ్బరికాయను నేలమీద నిలబడి వెదకుతున్నట్లు ఊహించుకొంటే దాని క్లిష్టత కొంతవరకు బోధపడుతుంది. అట్టి శకలం నుంచి వచ్చే వెలుగు, మామూలు కంటికి లీలగా కనిపించే నక్షత్రపు వెలుగు కంటె లక్షల రెట్లు తక్కువ. శాస్త్రజ్ఞులు ఇందుకు ఒక చక్కని ఉపాయం పన్నారు. సాధారణంగా దూరదర్శిని నక్షత్రాల వెంట తిరుగుతుంది. శకలాలను వెదకేటప్పుడు దానిని తిప్పకుండా ఒకే దిక్కుకు నిలిపి ఉంచుతారు. భూభ్రమణం వల్ల నక్షత్రాలు చిత్రంలో గీతలుగా సాగిపోతాయి. భూమితోపాటు తిరిగే భూస్థిర వస్తువు మాత్రం చుక్కగా నిలిచిపోతుంది. గీతల అడవిలో ఒక చుక్క కనిపించిందంటే అది మానవుడు పంపిన వస్తువై ఉండే అవకాశం ఎక్కువ.

మరీ మందమైన శకలాలు ఒక్క చిత్రంలో చిక్కవు. ఆకాశపు నేపథ్యకాంతిలో, యంత్రపు అలికిడిలో అవి కలసిపోతాయి. అప్పుడు వరుసగా తీసిన అనేక చిత్రాలను, వస్తువు కదిలి ఉండగల దారిని ఊహించి, ఆ మేరకు జరిపి, ఒకదానిపై ఒకటి పేరుస్తారు. పదహారు చిత్రాలను పేర్చితే శకలపు వెలుగు పదహారింతలవుతుంది. క్రమం లేని అలికిడి నాలుగింతలే అవుతుంది. అనగా స్పష్టత నాలుగు రెట్లు హెచ్చుతుంది. తిరునాళ్ల కోలాహలంలో తప్పిపోయిన పిల్లవాని కేక ఒక్కసారి వినబడితే తల్లి పోల్చుకోలేకపోవచ్చు. ఒకే దిక్కు నుంచి మళ్లీ మళ్లీ వినబడితే ఆమె తప్పక గుర్తుపడుతుంది. ఇదీ అటువంటిదే. అయితే ఆ దారి ముందుగా తెలియదు. వేలకొద్దీ దారులను ఊహించి కంప్యూటరుతో పరీక్షించాలి. కొన్ని శకలాలు పల్టీలు కొడుతూ ఒక క్షణం తళుక్కుమని మరుక్షణం మాయమవుతాయి. కొన్ని భూమినీడలోకి పోయి మరుగవుతాయి. ఇవన్నీ దాటి వచ్చిన చుక్కనే పట్టికలోకి ఎక్కిస్తారు.

ఇట్లా వెదకినవారికి ఏమి దొరికిందో చూస్తే విషయ గౌరవం తెలుస్తుంది. స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో ఐరోపా అంతరిక్ష సంస్థ ఒక మీటరు దూరదర్శినితో అన్వేషణ సాగించింది. పది పదిహేను సెంటీమీటర్ల శకలాలు కూడ భూస్థిర కక్ష్యలో ఉన్నాయని అది నిరూపించింది. 2004లో థామస్ షిల్డ్‌నెక్ట్, ఆయన సహచరులు ఒక కొత్త తెగ శకలాలను ప్రకటించారు. అవి బరువు తక్కువ, వైశాల్యం ఎక్కువ గలవి. ఉపగ్రహాలకు చుట్టే వేడినిరోధక రేకుల తునకలు కావచ్చునని భావించారు. సూర్యకాంతి తాకిడికే వాటి కక్ష్య మారిపోతుంది. గాలిలో ఎగిరే ఎండుటాకు దారిని ఎవరు ముందుగా చెప్పగలరు? 2018 సెప్టెంబరులో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లా పాల్మా దీవిలోని రెండున్నర మీటర్ల ఐజాక్ న్యూటన్ దూరదర్శినితో ఆకాశాన్ని గాలించారు. 2020లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, కంటబడిన మందకాంతి శకలాలలో నూటికి డెబ్బైఐదుకు పైగా ఏ బహిరంగ పట్టికలోనూ లేవు. అంటే తెలిసిన ప్రతి శకలానికి తెలియనివి కనీసం మూడు. దీపం కింద చీకటి ఎంత ఉన్నదో దీపం పెంచితే గాని తెలియలేదు.

ఈ ప్రయత్నంపై కొన్ని అభ్యంతరాలు వినవస్తున్నాయి. అవి తోసివేయదగినవి కావు, ఆలోచించదగినవి. ఆకాశం అనంతం, ఢీకొనే అవకాశం అత్యల్పం కదా అన్నది మొదటిది. నిజమే. భూస్థిర కక్ష్యలో శకలాల సాంద్రత దిగువ కక్ష్యలో కంటె తక్కువ, వేగాలు కూడ తక్కువ. అయితే 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం-33, కాస్మోస్-2251 ఉపగ్రహాలు దిగువ కక్ష్యలో ఢీకొనేవరకు రెండు నిండు ఉపగ్రహాలు ఢీకొనడం కూడ ఊహామాత్రంగానే ఉండేది. ఆ ఒక్క ఘటన రెండువేల పై చిలుకు శకలాలను సృష్టించింది. అవకాశం చిన్నదే. కాని నష్టం తీర్చరానిది, మిగిలే చెత్త శాశ్వతమైనది. అటువంటి చోట చిన్న అవకాశాన్ని సైతం లెక్కలోకి తీసుకోవడమే వివేకం. దివిసీమకు ఉప్పెన కూడ ఏటేటా రాదు.

చెత్తలో అధికభాగం సంపన్న దేశాలు వేసినదే, కాబట్టి ఆ భారం వారే మోయాలన్నది రెండవ అభ్యంతరం. న్యాయదృష్టితో ఇది సమంజసమే. ఎవరు ఎంత వేశారో ఆ మేరకు వారు బాధ్యత వహించాలి. అయినా ఎగువవాడు కాలువలో వేసిన చెత్త దిగువవాని పొలానికి అడ్డుపడితే, వాడు వచ్చి తీసేవరకు పొలాన్ని ఎండబెట్టుకొనే రైతు ఉండడు. ముందు తూము శుభ్రం చేసుకొంటాడు, ఆపైన పంచాయతీకి పోతాడు. పంచాయతీలో గెలవాలంటే సాక్ష్యం కావాలి. ఏ శకలం ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది అని చెప్పగల సొంత పరిశీలన లేని దేశం అంతర్జాతీయ వేదికలపై ఇతరుల పట్టికలనే ప్రమాణంగా అంగీకరించవలసి వస్తుంది. ఎక్రాన్ పేలుడు పద్నాలుగేళ్లు గుప్తంగా ఉండిపోయిన సంగతి ఇక్కడ మరువరాదు.

ఆకలి, నిరుద్యోగం ఉన్న దేశానికి ఈ ఖర్చు అవసరమా అన్నది మూడవది. దేశం ఇప్పటికే ఎన్నో కోట్లు వెచ్చించి ఉపగ్రహాలను నింగిలో నిలిపింది. వాటి మీద ఆధారపడి కోట్లమంది జీవిస్తున్నారు. ఇల్లు కట్టిన తరువాత తాళం కొనడం వృథాఖర్చు అనిపించుకోదు. పైగా ఉన్నత కక్ష్యలను గాలించడానికి కావలసినవి మహా దూరదర్శినులు కావు. టెనెరీఫ్‌లో పని సాధించినది ఒక మీటరు అద్దమే. తెలుగునేలపై ఉస్మానియా విశ్వవిద్యాలయపు రంగాపూర్ వేధశాలకు నలభై ఎనిమిది అంగుళాల, అనగా సుమారు 1.2 మీటర్ల దూరదర్శిని 1960వ దశకంలోనే సమకూరింది. నైనిటాల్‌లో 1958లోనే బేకర్-నన్ కెమెరాతో ఉపగ్రహాల జాడ తీయడం మొదలైంది. ఈ విద్య ఈ దేశానికి కొత్త కాదు. కొనసాగింపు, సంకల్పం మాత్రమే కావలసినవి.

ఆ సంకల్పం కొంత కనిపిస్తున్నది. శ్రీహరికోటలో అనేక వస్తువులను ఏకకాలంలో అనుసరించగల రాడార్ నెలకొన్నది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రాడార్లనూ దూరదర్శినులనూ కలిపి ‘నేత్ర’ అనే ప్రాజెక్టును చేపట్టింది. 2022 జూలైలో బెంగళూరులో అంతరిక్ష భద్రతకు ప్రత్యేక కేంద్రాన్ని ప్రారంభించింది. అదే ఏడు జనవరిలో కాలం తీరిన ఇన్‌శాట్-4బి ఉపగ్రహాన్ని మిగిలిన ఇంధనంతో భూస్థిర కక్ష్యకు సుమారు 340 కిలోమీటర్ల పైకి నెట్టి, తక్కినవారి దారికి అడ్డులేకుండా చేసింది. ఆ మర్యాద పాటించిన భారత భూస్థిర ఉపగ్రహాలలో అది ఇరవై ఒకటవది. 2030 నాటికి శకలాలు మిగల్చని ప్రయోగాలే చేస్తామని 2024లో ప్రకటించింది. ఇవన్నీ హర్షించదగినవి. అయినా మందకాంతి శకలాల విషయంలో చేయవలసినది ఇంకా చాల ఉన్నది.

మొదటగా, 75 డిగ్రీల పల్లాన్ని రాత్రింత కూడ విడువక గాలించే దూరదర్శినులు దేశంలో ఒకటికి మించి ఉండాలి. ఒకచోట మబ్బు పట్టినపుడు మరొకచోట ఆకాశం తేటగా ఉంటుంది. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తునగల లడఖ్‌లోని హాన్లే వంటి పొడి ప్రదేశాలు ఇందుకు అనువైనవి. రెండవది, గుర్తించిన శకలాల వివరాలు రక్షణకు భంగం లేనంతవరకు బహిరంగంగా ఉండాలి. వరదమట్టాన్ని దాచిపెట్టే ఇంజనీరును ఏ డెల్టా క్షమించదు. శకలం జాతి, దేశం ఎరుగదు కాబట్టి దాని సమాచారం కూడ అందరిదీ కావాలి. మూడవది, ఈ పనిలో విశ్వవిద్యాలయాలకూ కళాశాలలకూ భాగం కల్పించాలి. చిత్రాలు తీయడం కొండలపై జరిగినా వాటిని జరిపి, పేర్చి, వడగట్టడం కంప్యూటరు పని. అది విజయవాడలోనో బందరులోనో కూర్చొని చేయవచ్చు.

కృష్ణాడెల్టా ఆకాశం ఖగోళ పరిశీలనకు అంత అనుకూలమైనది కాదు. సముద్రపు తేమ, మబ్బులు, నగరపు వెలుగులు అడ్డుపడతాయి. కాని ఈ నేలకు అంతకంటె విలువైన అర్హత ఒకటి ఉన్నది. పైనున్న కన్ను మూతపడితే ఏమవుతుందో అనుభవపూర్వకంగా తెలిసిన ప్రజలు ఇక్కడ ఉన్నారు. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటరు విద్య నేర్చి దేశదేశాలకు పోతున్న యువత ఇక్కడ ఉన్నది. ఆ విద్యలో కొంతభాగాన్ని తమ ఊరిని కాపాడే కన్నుకు కావలి కాయడానికి వినియోగించడం కంటె సార్థకమైన పని మరొకటి ఉంటుందా?

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం లోకంలో సర్వసాధారణం. వరదకు ముందే పడవల కట్లు సరిచూచుకొనే ఊరు వివేకవంతమైన ఊరు. నింగిలో కట్టు తెగిన పడవలను వెనుకకు తెచ్చి కట్టివేసే శక్తి మానవునికి ఇంకా పూర్తిగా చిక్కలేదు. అవి ఎక్కడ ఉన్నాయో, ఎటు వస్తున్నాయో తెలుసుకొనే శక్తి మాత్రం చిక్కింది. తెలుసుకొన్నవాడు తన నావను రెండు బారలు పక్కకు జరుపుకోగలడు. పని చేసే ఉపగ్రహానికి కావలసినది ఆ రెండు బారల ఎడమే. చీకటి ఆకాశంలో గీతల నడుమ నిలిచిన ఆ చిన్న చుక్కను ఓపికతో వెదకే కన్ను ఎంత అవసరమో, గిలకలదిండి రేవులో తుఫాను హెచ్చరిక విని పడవను ఒడ్డుకు చేర్చుకొనే మత్స్యకారుని కుటుంబాన్ని చూస్తే బోధపడుతుంది.